రిపోర్టు రోగి చేతికొచ్చిన కథ: కర్మన్‌ఘాట్‌లో అంతర్జాల వైద్యం

హైదరాబాదు తూర్పు వైపు, చంపాపేట దాటాక వచ్చే కర్మన్‌ఘాట్‌ను జనం ధ్యానాంజనేయస్వామి గుడితో గుర్తుపడతారు. రంగారెడ్డి జిల్లా సరూర్‌నగర్ మండలంలోని ఈ ఊరు 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీతో పాటు గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఇక్కడి నుంచి నిమ్స్‌కో ఉస్మానియా ఆసుపత్రికో బయలుదేరే రోగి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. పాత మందుచీటీలు, రక్తపరీక్ష కాగితాలు, మడతపడకూడని ఎక్స్‌రే అన్నీ అందులోనే. అంతర్జాలం ఈ ప్రాంతపు వైద్యాన్ని ఎలా మార్చిందో తెలియాలంటే ఆ కవరులోని కాగితాలు ఎవరెవరి చేతులు మారాయో చూడాలి.

పూర్వరంగం

డాక్టరును ఎదురుగా అడగలేని మాటను పత్రికకు రాసి అడగడం తెలుగువారికి అంతర్జాలం కన్నా ముందే ఉన్న అలవాటు. స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం జవాబుల కోసం ఎదురుచూసిన ఇళ్లు తక్కువేమీ కాదు. పేరు బయటపడదు కాబట్టి సిగ్గుపడే పని లేదు. తర్వాతి తరం గూగుల్‌ను వాడుకున్నదీ చాలావరకు ఇందుకే.

ఈలోగా చట్టం రెండడుగులు వేసింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి చెప్పింది. అంటే కాగితం మీద హక్కు ముందే ఉంది, అడిగే అలవాటే లేదు.

టెలిమెడిసిన్ మాత్రం తెలుగునేలకు ఆర్భాటంగా వచ్చింది. 2000 మార్చి 24న, హైదరాబాదు పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో కేంద్రం మొదలైంది. అది అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. అయితే తెరకు అటూ ఇటూ మాట్లాడుకున్నది ప్రధానంగా డాక్టర్లే. రోగి వారి మధ్య కూర్చునేవాడు.

2007 నుంచి

పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, ఆ ఏడాది డిసెంబరుకు రంగారెడ్డికి చేరింది. ఆపరేషన్‌కు ముందు రోగి స్కాన్లు, ఫొటోలు ఆసుపత్రి నుంచి పథకాన్ని నడిపే ట్రస్టుకు ఆన్‌లైన్‌లో వెళ్లేవి, అనుమతి అదే దారిన తిరిగొచ్చేది. కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే బంధువులు ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర నిలబడాల్సిందే. కాగితం కవరు దాటింది గానీ రోగి వైపు మాత్రం రాలేదు. అదే ఏడాది మొదలైన, వైద్య సలహాలిచ్చే 104 ఫోను సేవ ఈ విషయంలో ఒక మెట్టు పైనే ఉందనాలి. అందులో రోగి తన బాధ తానే చెప్పుకున్నాడు.

ఆ సంవత్సరమే బోస్టన్‌లో డేవ్ డిబ్రోంకార్ట్ అనే ఆయనకు మూత్రపిండ క్యాన్సర్ బయటపడింది. ఆయన డాక్టరే ఆన్‌లైన్‌లో రోగులు కలుసుకునే చోటు చూపించాడు. ఏ చికిత్స గురించి అడగాలో ఆయనకు తోటి రోగులు చెప్పారు. రోగి కూడా వైద్యబృందంలో ఒకడేనన్న వాదానికి ఆయన కథ ఉదాహరణగా నిలిచింది. ఇంగ్లీషు అక్కడ అడ్డంకే కాలేదు.

ఇక్కడ మార్పు తెచ్చింది చవక డేటా, వాట్సాప్. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ల్యాబు రిపోర్టు పీడీఎఫ్‌గా ఫోనుకే రావడం మామూలైంది. 2018లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబు బస్తీ దవాఖానాల నమూనాలను ఉచితంగా పరీక్షించి ఫలితాన్ని ఫోనుకు పంపసాగింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి అమెరికా వెళ్లిన కొడుకు, అమ్మ క్రియాటినిన్ ఎంతుందో డాక్టరు కన్నా ముందే చూసే రోజులొచ్చాయి. డాక్టరు గదిలో స్పీకర్ ఆన్ చేసి పెట్టిన వీడియో కాల్ కొందరు వైద్యులకు చిరాకే. నా దృష్టిలో మాత్రం ఈ ప్రాంతం చూసిన అసలైన రోగి భాగస్వామ్యం అదే.

భాష దగ్గర ఆగిన దారి

రిపోర్టు చేతికొచ్చింది, కానీ ఇంగ్లీషులో. లావు అక్షరాల్లో అచ్చయిన అంకె, పక్కన ‘హెచ్’ అనో ‘ఎల్’ అనో గుర్తు. అంకె ఎక్కువో తక్కువో తెలుస్తుంది, దాని అర్థం తెలియదు. చెప్పే పిల్లలు పక్కన లేని పెద్దాయన తెలుగు వీడియో వెతుక్కుంటాడు. వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం 2018 నాటికి యూట్యూబ్‌లో అంతగా పాకిందంటే కారణం అందులో వాడమన్న కొబ్బరినూనె ఒక్కటే కాదు. ఆయన గంటలకొద్దీ ఇంటిభాషలో మాట్లాడాడు. షుగరు రోగులు మందులు మానేస్తారేమోనని వైద్యులు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరం న్యాయమైనదే, కానీ అంత ఓపికగా తెలుగులో చెప్పినవాళ్లు వారిలో కొద్దిమందే.

కోవిడ్ రెండో అల ఈ లోటును నిలువునా చూపింది. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవారికి టీకా నమోదు మొదలైనప్పుడు కోవిన్ పోర్టల్ ఇంగ్లీషులోనే ఉంది, తెలుగు తర్వాత చేరింది. స్లాట్లు ఫోను చురుగ్గా నడపగలవారికే దక్కాయి. ఆక్సిజన్ ఎక్కడుంది, ప్లాస్మా ఎవరిస్తారన్న సమాచారం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి కొన్ని ప్రాణాలు నిలిపింది. అవే గ్రూపులు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన కోవిడ్ నాటుమందు వార్తనూ మోశాయి. మే 21న జనం విరగబడటంతో పంపిణీ ఆగింది. పది రోజులకు, కంటి చుక్కలను పక్కనబెట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిణీకి అనుమతిచ్చింది.

అంతకు ఏడాది ముందు, 2020 మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫోనులో, వీడియోలో, చాట్‌లో వైద్యం చెప్పడానికి వాటితో స్పష్టమైన చట్టబద్ధత వచ్చింది. రోగే ముందుగా సంప్రదిస్తే సమ్మతి ఇచ్చినట్టే లెక్క. మత్తుమందుల చట్టం కిందికొచ్చేవి రాయకూడదు. ఏప్రిల్‌లో ఇంటి నుంచే డాక్టరును సంప్రదించే ‘ఈ-సంజీవని’ వచ్చింది. హనుమంతుడి గుడి నీడలో బతికే ఊరికి ఆ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో కవరుకు బదులు 14 అంకెల ‘ఆభా’ సంఖ్య వచ్చింది. రికార్డు ఏ డాక్టరు చూడాలో, ఎంతకాలం చూడాలో రోగే అనుమతించాలి. ఆ అనుమతి అడిగే సందేశం పెద్దాయన ఫోనుకు వస్తే, ఓటీపీ చదివి నొక్కేది ఇప్పటికీ ఎక్కువగా మనవడే.