కుదురులేని కుర్చీ – దాని కీళ్ల కథ

మట్టికుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. నేల మీద పెడితే దొర్లుతుంది. అందుకని దాని క్రింద గడ్డితోనో, నారతోనో చుట్టిన ఒక చుట్టను పెట్టేవారు. ఆ చుట్టను కుదురు అంటారు. ఎవరైనా ‘వాడికి కుదురు లేదు’ అన్నప్పుడల్లా నాకు ఆ గడ్డిచుట్టే గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసం కుదురు తప్పిన ఒక వస్తువును గురించి. మీ ఇంట్లో బల్ల ముందు ఉన్న, గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీయే ఆ వస్తువు.

వైద్యుడికి కుర్చీ మరమ్మతుతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసినన్నాళ్లు తుంటి దగ్గర తొడ ఎముక విరిగి వచ్చిన వృద్ధులను ఎందరినో చూశాను. వారిలో ఎక్కువమంది మేడ మీద నుంచి పడినవారు కారు. మంచం దిగుతూ తూలినవారు, స్నానాల గదిలో జారినవారు, కూర్చోబోయి కుర్చీ తప్పినవారు. వయసు మీరిన వారిలో, ముఖ్యంగా ముట్లు ఆగిపోయిన స్త్రీలలో, ఎముకలు గుల్లబారతాయి. అటువంటి తొడ ఎముక మెడ విరగడానికి కుర్చీ ఎత్తు చాలు. ఆ తరువాత శస్త్రచికిత్స, మంచం పట్టడం, పడక పుండ్లు, ఊపిరితిత్తులలో నెమ్ము, కాలి సిరలలో నెత్తురు గడ్డలు. 2020 తరువాత ఇంటి నుంచి పని మొదలైనప్పుడు పిల్లల ఆఫీసు కుర్చీలు మన ఇళ్లలోకి వచ్చాయి. పిల్లలు తిరిగి ఆఫీసులకు వెళ్లారు, కుర్చీలు ఇళ్లలోనే ఉండిపోయాయి. ఇప్పుడు వాటిలో కూర్చొని పత్రిక చదివేది తాతగారు, కూరగాయలు తరిగేది నాయనమ్మ. కుర్చీ ప్రక్కకు ఊగుతున్నదని వారు చెబితే ‘పాతబడింది’ అని ఊరుకొనేవారే ఎక్కువ. ఎక్కడ ఊగుతున్నదో తెలుసుకోవాలంటే ఆ కుర్చీకి అన్ని కీళ్లు ఎందుకు వచ్చాయో ముందు తెలియాలి.

‘కుర్చీ’ మన మాట కాదు. అరబ్బీ ‘కుర్సీ’ పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరింది. మన ఊళ్లలో కరణం చాప మీద మఠం వేసుకొని, వ్రాతపెట్టె ముందు పెట్టుకొని లెక్కలు వ్రాసేవాడు. నడుము నొప్పి ఉండి ఉండవచ్చు గాని, చాప మీద కూర్చున్నవాడికి పడిపోవడానికి చోటు లేదు.

కుర్చీ వచ్చాక కాళ్లు వచ్చాయి, కాళ్లతో ఊగడం వచ్చింది. మూడు బిందువుల మీదుగా ఒక సమతలం ఎప్పుడూ దొరుకుతుంది, నాలుగు బిందువులకు ఆ హామీ లేదు. అందుకే మన ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు. నాలుగు కాళ్ల కుర్చీకి మాత్రం ఒక కాలి క్రింద కాగితం మడిచి పెట్టవలసి వస్తుంది. మరి కుర్చీలన్నిటికీ మూడు కాళ్లే పెడితే సరిపోదా? అమెరికాలో ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ ప్రయత్నమే చేశాడు. రసీన్ నగరంలో జాన్సన్ కంపెనీ కార్యాలయ భవనం కోసం (అది 1939లో పూర్తయింది) ఆయన మూడు కాళ్ల కుర్చీలను రూపొందించాడు. రెండు పాదాలూ నేల మీద ఆనించి నిటారుగా కూర్చుంటేనే అవి నిలుస్తాయి. మంచి భంగిమను అవే నేర్పుతాయని ఆయన వాదన. ఉద్యోగులు మాత్రం ప్రక్కకు వంగినప్పుడల్లా పడసాగారు. కంపెనీ యజమాని ఒకనాడు రైట్‌నే ఆ కుర్చీలో కూర్చోమన్నాడని, ఆయన కూడా దొర్లాడని చెబుతారు. చివరకు వాటికి నాలుగవ కాలు వచ్చింది. కుర్చీ మనిషికి క్రమశిక్షణ నేర్పాలనే ఆలోచన వైద్యదృష్టిలో తలక్రిందులైనదని నా అభిప్రాయం. మనిషి కదులుతాడు, కదలాలి కూడా.

ఆ కదలిక కోసమే కుర్చీకి ఒక్కొక్క కీలూ చేరింది. థామస్ జెఫర్సన్ కుర్చీ కూర్చునే పలక మీద గిరగిర తిరిగేది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిని ఆయన ఆ కుర్చీలోనే వ్రాశాడంటారు. అది ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ వద్ద ఉంది. ఇంగ్లండులో ఛార్లెస్ డార్విన్ డౌన్ హౌస్‌లోని తన పనిగదిలో ఒక నమూనా నుంచి మరొక నమూనా దగ్గరకు లేవకుండా జరగడానికి తన చేతుల కుర్చీకి చక్రాలు వేయించుకొన్నాడు. 1849లో థామస్ వారెన్ అనే అమెరికన్ పోత ఇనుముతో, సీటు క్రింద వంపు తిరిగిన ఉక్కు స్ప్రింగులతో ఒక కుర్చీకి పేటెంటు పొందాడు. అది తిరుగుతుంది, ఏ ప్రక్కకైనా వాలుతుంది, చక్రాల మీద నడుస్తుంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో దానిని ఉంచారు. నేటి ఆఫీసు కుర్చీ లక్షణాలు చాలావరకు అందులో ఉన్నాయి.

వైద్యులు చెప్పినది కూడా కదలికను గురించే. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని 1700లో వృత్తిరోగాల మీద తన గ్రంథాన్ని ప్రచురించాడు. 1713 కూర్పులో లేఖకుల మీద ఒక అధ్యాయం చేర్చాడు. ఎడతెగక కూర్చోవడం, చేయి ఒకే తీరున కదలుతూ ఉండటం, తప్పు రాకూడదనే మనసు ఒత్తిడి – వారి బాధలకు ఆయన చూపిన కారణాలు ఈ మూడు. నేటి కంప్యూటర్ ఉద్యోగికి చదివి వినిపిస్తే తన గురించే అనుకొంటాడు. 1960లలో స్వీడన్ అస్థివైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ వెన్నుపూసల మధ్య డిస్కులోకి సన్నని సూదిని పంపి లోపలి ఒత్తిడిని కొలిచాడు. వీపుకు ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు అది నిలబడినప్పటి కంటే ఎక్కువని తేల్చాడు. వెనుకకు వాలి ఆనుకొంటే తగ్గుతుందని 1970లలోని కొలతలు చూపాయి. 1999లో జర్మనీలో విల్కె బృందం ప్రచురించిన కొలతలలో మాత్రం వదులుగా కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటి కంటే ఎక్కువగా లేదు. కొలతలలో తేడాలు ఉన్నా, ఒకే భంగిమలో బిగుసుకొని ఉండవద్దన్న సలహా మారలేదు. అందుకే వీపు వాలే కీలు, దానికి ఎదురు నిలిచే స్ప్రింగు వచ్చాయి. మీ కుర్చీ వెనుకకు వాలి మళ్లీ ముందుకు రావడం జబ్బు కాదు, అది దాని ఆరోగ్యం. ప్రక్కలకు ఊగడం, ‘టక్’మని శబ్దంతో కదలడం జబ్బు.

తిరిగే కుర్చీకి కాళ్ల లెక్క కూడా మారింది. కూర్చున్నవారు ఏ వైపు తిరిగి వంగుతారో, ఆ వైపున కాలు ఉంటుందో, రెండు కాళ్ల మధ్య ఖాళీ ఉంటుందో చెప్పలేము. కుర్చీ బోల్తాపడేది ఖాళీ వైపుకే. నడిమి స్తంభం నుంచి కాలి చివరకు 30 సెంటీమీటర్లు అనుకొందాము. ఖాళీ వైపున ఆసరా హద్దు మూడు కాళ్లకు 15 సెంటీమీటర్లు, నాలుగింటికి 21, అయిదింటికి 24, ఆరింటికి 26. నాలుగు నుంచి అయిదుకు పోతే మూడు సెంటీమీటర్ల లాభం, ఆరుకు పోతే రెండు కూడా నిండదు. 1970లు, 80లు గడిచేసరికి ఆఫీసు కుర్చీకి అయిదు కాళ్లు స్థిరపడ్డాయి. ఎత్తు మార్చడానికి పూర్వం ఉన్న మరస్తంభం పోయి, నత్రజనిని ఒత్తిడితో నింపిన గ్యాస్ సిలిండరు వచ్చినదీ ఇంచుమించు ఆ కాలంలోనే.

ఆ సిలిండరును కుర్చీకి బిగించే తీరు చూడండి. నట్టు లేదు, బోల్టు లేదు. దాని రెండు కొనలూ కొద్దిగా సన్నబడి ఉంటాయి. పై కొన సీటు క్రింది ఇనుప పెట్టెలోని రంధ్రంలోకి, క్రింది కొన అయిదు కాళ్ల నడిమి రంధ్రంలోకి దిగుతాయి. మీ బరువే వాటిని బిగిస్తుంది. 1860లలో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ డ్రిల్లు ములుకులను యంత్రంలో పట్టి ఉంచడానికి ఇటువంటి ఏటవాలు అతుకునే వాడాడు. ఆయన పేరు అస్థివైద్యులందరికీ తెలుసు. తుంటి కీలు మార్పిడిలో తొడ ఎముకలోకి దించే లోహపు కాడకు, దాని పైన కూర్చునే గోళానికి మధ్య ఉండేది ఆ అతుకే. శస్త్రవైద్యుడు గోళాన్ని కాడ మీద ఉంచి సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు, అంతే. ఆ అతుకు అరిగితే లోహపు పొడి రాలుతుంది. మీ కుర్చీ అతుకు అరిగినా ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది.

ఇక పరీక్ష. మోకాలి స్నాయువు తెగిందా అని చూసేటప్పుడు మేము తొడను ఒక చేత్తో కదలనీయకుండా పట్టి, రెండవ చేత్తో పిక్కను కదిలిస్తాము. కుర్చీకీ అదే పద్ధతి. ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు అయిదు కాళ్లను పట్టుకోవాలి, మరొకరు సీటును ప్రక్కలకు ఊపాలి. సీటు ఊగుతూ దాని క్రింది ఇనుప పెట్టె నిలకడగా ఉంటే దోషం బోల్టులది. పెట్టె కూడా ఊగి, సిలిండరు నిలిచి ఉంటే దోషం పై అతుకుది. సిలిండరు లోపలి కడ్డీ తన గొట్టంలోనే కొట్టుకొంటుంటే లోపలి ప్లాస్టిక్ తొడుగు అరిగింది. ఇవేవీ కాక మొత్తం కుర్చీ ఊగితే కాళ్లనో, చక్రాలనో చూడాలి.

ఎక్కువ కుర్చీలలో దోషం మొదటిదే. కుర్చీని పరుపు మీద తలక్రిందులు చేసి, ఆరు పలకల తాళంతో (అలెన్ కీ) నాలుగు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒకదానిని పూర్తిగా బిగించి మరొక దానికి పోవద్దు. బోల్టు పోయి ఉంటే పాతదానిని పట్టుకొని దుకాణానికి వెళ్లండి. 6 మిల్లీమీటర్ల బోల్టు, పావు అంగుళం బోల్టు చూపుకు ఒకటే, వాటి మరలు వేరు. ఒకటి మరొక దానిలో రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే చెక్కలోని నట్టు ఊడుతుంది. బోల్టు ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతుంటే ఆ నట్టు ఇప్పటికే ఊడిందన్నమాట. సీటు గుడ్డ విప్పి, చెక్కలోకి పళ్లతో దిగే కొత్త నట్టు వేయించాలి. వడ్రంగికి అది అరగంట పని.

పై అతుకు వదులైతే సీటును ఎత్తి పట్టుకొని, సిలిండరు దూరిన చోటికి దగ్గరగా ఇనుప పెట్టె మీద రబ్బరు సుత్తితో చుట్టూ కొట్టండి, ఊడివస్తుంది. నడుమ ఉన్న చిన్న బొడిపె మీద దెబ్బ పడకూడదు, అది గ్యాసు కవాటానిది. కళ్లద్దాలు పెట్టుకోండి. రెండు ముఖాలనూ పొడి గుడ్డతో తుడిచి, తుప్పును సన్నని గరుకు కాగితంతో తీసి, మరల దించి గట్టిగా కూర్చోండి. నూనె వేయవద్దు. కిర్రుమంటే కొబ్బరినూనె పోయడం మన ఇళ్లలో అలవాటు గాని, ఈ అతుకు పట్టి ఉండేది రాపిడి వలననే. నూనె దాని పట్టును తీసేస్తుంది. రంధ్రమే అరిగి వెడల్పయితే కొందరు సన్నని రేకు చుట్టి దించుతారు. అది కొద్ది రోజుల వైద్యమే, ఆ ఇనుప పెట్టెను మార్చడమే సరైన పని.

సిలిండరు లోపల అరిగితే మాత్రం విప్పవద్దు, రంధ్రం చేయవద్దు, వేడి చూపవద్దు. లోపలి వాయువు పీడనం కడ్డీని తూటాలా విసరగలదు. దానికి ఇంట్లో మరమ్మతు లేదు, కొత్తది తెచ్చి వేయడమే. కాళ్ల ప్లాస్టిక్‌లో వెంట్రుకవాసి పగులు కనిపించినా అంతే. జిగురుతో అతికించిన కాలు బరువు పడిన క్షణంలోనే విడుతుంది.

చక్రాలు చేత్తో లాగితే ఊడతాయి. ఇరుసుకు చుట్టుకొన్న వెంట్రుకలు, దారాలు తీసివేయండి. తివాచీల కోసం చేసిన గట్టి ప్లాస్టిక్ చక్రాలు మన టైల్స్ మీద, పాలరాతి మీద సర్రున జారుతాయి. కూర్చోబోయే వృద్ధుల క్రింద నుంచి కుర్చీ వెనుకకు పోయేది ఇలాగే. మెత్తని పూత ఉన్న చక్రాలు దొరుకుతాయి, కాడ మందం కొలిచి తెచ్చుకోండి. డెబ్బై దాటినవారికి, తల తిరిగేవారికి, పక్షవాతం వచ్చి తగ్గినవారికి ఎంత బాగు చేసిన తిరిగే కుర్చీ అయినా ఇవ్వవద్దు. చేతులున్న నాలుగు కాళ్ల చెక్క కుర్చీ వేయండి, ఒక కాలి క్రింద కాగితం మడత పెట్టవలసి వచ్చినా సరే. అటక మీది డబ్బా అందుకోవడానికి తిరిగే కుర్చీ ఎక్కడం ఏ వయసులోనూ తగదు.

బోల్టులు బిగించిన వారం తరువాత మరొక్కసారి తాళం పెట్టి చూడండి. సీటు చెక్క బరువుకు కొంత అణగుతుంది, బోల్టు మరొక పావు చుట్టు తీసుకొంటుంది.