ఉల్లి ధర అంచనా: గత ధరలు చెప్పగలిగేది ఎంత?

ఉల్లి నారు నాటిన రోజున మార్కెట్లో పలికిన ధర, ఆ పంట యార్డుకు చేరే రోజున ఉంటుందన్న హామీ లేదు. నాటుకూ కోతకూ మధ్య మూడు నుంచి నాలుగు నెలలు గడుస్తాయి. ఈలోగా ధర ఎటు కదులుతుందన్నది రైతుకు పెట్టుబడి సమస్య, గృహస్థుకు వంటింటి ఖర్చు సమస్య, ప్రభుత్వానికి నిల్వల సమస్య. గత ధరల ఆధారంగా దీనికి సమాధానం వెదికే గణాంక పద్ధతిని కాల శ్రేణి విశ్లేషణ అంటారు. ఋతువుల వెంట వచ్చే మార్పును ఈ పద్ధతి బాగా పట్టుకుంటుంది. అకాల వర్షాన్ని, ఆకస్మిక విధాన నిర్ణయాన్ని మాత్రం ముందుగా చెప్పలేదు. ఈ భేదం తెలిసినవారికే ధరల అంచనా అక్కరకు వస్తుంది.

కాల శ్రేణి అంటే ఏమిటి?

ఒక వస్తువు ధరను రోజువారీగా గాని, వారానికో నెలకో ఒకసారి గాని క్రమం తప్పకుండా నమోదు చేస్తూ పోతే ఏర్పడే వరుసే కాల శ్రేణి. దేశంలోని వ్యవసాయ మార్కెట్ల ధరలు, సరకు రాకల వివరాలు 2000లో ప్రారంభమైన అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో లభిస్తాయి. చిల్లర ధరలను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రతిదినం సేకరిస్తుంది. ఆ శాఖ పరిశీలించే నిత్యావసర వస్తువుల సంఖ్య 2024 ఆగస్టు 1 నుంచి 22 నుంచి 38కి పెరిగింది. ఉల్లి విషయంలో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా లాసల్‌గావ్ మార్కెట్ ధరను దేశమంతటా వ్యాపారులు కొలబద్దగా చూస్తారు.

ఇటువంటి వరుసలో సాధారణంగా నాలుగు అంశాలు కలిసి ఉంటాయి. ఏళ్ల తరబడి సాగే పెరుగుదల లేదా తగ్గుదల మొదటిది. ఏటా అవే నెలల్లో తిరిగి వచ్చే ఋతుచక్రం రెండవది. కొన్నేళ్లకొకసారి వచ్చే ఎగుడుదిగుడులు మూడవది. ఏ క్రమానికీ లొంగని యాదృచ్ఛిక మార్పు నాలుగవది. వీటిని విడదీసి చూడటమే విశ్లేషణలో తొలి మెట్టు.

ఉల్లి ఋతుచక్రం

దేశంలో ఉల్లి ఖరీఫ్, ఆలస్య ఖరీఫ్, రబీ కాలాలలో పండుతుంది. మొత్తం దిగుబడిలో సుమారు మూడింట రెండు వంతులు రబీదే. మార్చి చివరి నుంచి మే వరకు కోతకు వచ్చే ఈ పంట నిల్వకు ఆగుతుంది. కొత్త ఖరీఫ్ ఉల్లి విరివిగా వచ్చేవరకు, అంటే దాదాపు అక్టోబరు దాకా, దేశానికి ప్రధానంగా ఈ నిల్వలే ఆధారం. అందువల్ల కోతల కాలంలో తగ్గిన ధర, నిల్వలు తరిగేకొద్దీ వర్షాకాలం చివర పెరగడం పరిపాటి.

ఈ క్రమాన్ని కొలవడానికి పన్నెండు నెలల చలన సగటును లెక్కిస్తారు. ప్రతి నెల ధరను ఆ సగటుతో భాగించి, నూటితో హెచ్చిస్తే ఋతు సూచిక వస్తుంది. అక్టోబరు సూచిక 130 అయితే, ఆ నెల ధర సాధారణంగా సగటు కన్నా 30 శాతం ఎక్కువని అర్థం.

అంచనా పద్ధతులు

ఇటీవలి ధరలకు ఎక్కువ, పాత ధరలకు తక్కువ ప్రాధాన్యం ఇస్తూ సగటు కట్టే పద్ధతిని చార్లెస్ హోల్ట్ 1957లో అభివృద్ధి చేయగా, పీటర్ వింటర్స్ 1960లో దానికి ఋతుచక్రాన్ని జోడించారు. జార్జ్ బాక్స్, గ్విలిమ్ జెంకిన్స్ 1970లో ప్రచురించిన గ్రంథంతో ‘అరిమా’ నమూనా ప్రసిద్ధి పొందింది. నేటి ధరకు గడచిన ధరలతోను, గతంలో దొర్లిన అంచనా పొరపాట్లతోను ఉన్న సంబంధాన్ని ఇది లెక్కలోకి తీసుకుంటుంది. ధరల ఒడిదుడుకులు కొన్నాళ్లు ఉద్ధృతంగాను, కొన్నాళ్లు మందంగాను ఉండే తీరును కొలిచే నమూనాను రాబర్ట్ ఎంగిల్ 1982లో ప్రతిపాదించారు. 2003లో ఆయన క్లైవ్ గ్రాంజర్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

నమూనా ఏదైనా పరీక్ష ఒక్కటే. చివరి పన్నెండు నెలల ధరలను పక్కన పెట్టి, అంతకుముందు ధరలతోనే వాటిని అంచనా కట్టించాలి. ‘ఈ నెల ధరే వచ్చే నెలా ఉంటుంది’ అనే సామాన్య ఊహ కన్నా తక్కువ పొరపాటు చేయని నమూనాకు, అది ఎంత క్లిష్టమైనదైనా, విలువ లేదు.

లెక్కకు అందనివి

ఉల్లి ధరను ప్రకృతితో పాటు ప్రభుత్వ నిర్ణయాలు కూడా మారుస్తాయి. కేంద్రం 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతులపై 40 శాతం సుంకం విధించింది. అదే ఏడాది డిసెంబరు 8న ఎగుమతులను నిషేధించింది. 2024 మే 4న నిషేధాన్ని తొలగించినా 40 శాతం సుంకాన్ని మళ్లీ విధించి, సెప్టెంబరులో 20 శాతానికి తగ్గించి, 2025 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఎత్తివేసింది. ఈ తేదీలలో ఏ ఒక్కటీ పాత ధరల వరుసలో దాగి లేదు.

రైతుల నిర్ణయాలూ ధరను తిప్పుతాయి. నిరుటి ధర చూసి అందరూ ఒకే పంట వేస్తే ఈ ఏడు ధర పడిపోతుంది. పడిన ధర చూసి సాగు తగ్గిస్తే మరుసటి ఏడు పెరుగుతుంది. రేఖాచిత్రంలో సాలెగూడులా కనిపించే ఈ చక్రానికి నికొలస్ కాల్డార్ 1934లో ఆ పేరే పెట్టారు. ధర పెరుగుతుందన్న అంచనాను అందరూ నమ్మి సాగు పెంచితే, ఆ అంచనా తనను తానే వమ్ము చేసుకుంటుంది.

మార్కెట్ల మధ్య సంబంధం మరొక అంశం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన ఉల్లి విపణి అయిన కర్నూలుకు ఖరీఫ్ సరకు వచ్చే వేళకు మహారాష్ట్ర రబీ నిల్వలు ఇంకా అమ్ముడవుతూనే ఉంటాయి. అందుచేత కర్నూలు ధరలు ఒక్కటే చూసి కర్నూలు ధరను అంచనా వేయడం సరిపోదు. 2025 ఖరీఫ్‌లో అక్కడ ధర పతనమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనుగోలు చేస్తామని ప్రకటించవలసి వచ్చింది.

అంచనాను చదివే తీరు

అంచనా అంటే ఒక్క అంకె కాదు, ఒక పరిధి. కాలం దూరమయ్యేకొద్దీ ఆ పరిధి విశాలమవుతుంది. ఉదాహరణకు, మే నెలలో క్వింటాలు 1,500 రూపాయలు పలుకుతున్నప్పుడు ఒక రైతు 100 క్వింటాళ్లు నిల్వ చేయదలచాడనుకుందాం. కుళ్లు, తరుగు వల్ల 30 క్వింటాళ్లు పోతే మిగిలేది 70. మే నెలలోనే అమ్మితే వచ్చే 1,50,000 రూపాయలు తిరిగి రావాలంటే క్వింటాలుకు సుమారు 2,143 రూపాయలు పలకాలి. నిల్వ ఖర్చులు దీనికి అదనం. అక్టోబరు ధర 1,900 నుంచి 2,900 రూపాయల మధ్య ఉండవచ్చని అంచనా చెబితే, మధ్య అంకె అయిన 2,400 ఆశ కలిగిస్తుంది. కింది అంకె నష్టాన్ని సూచిస్తుంది. కొంత అమ్మి, కొంత నిల్వ చేయడమా అన్న ఆలోచన ఆ పరిధి నుంచే పుడుతుంది.

ఆ అంచనా టోకు ధరకా, చిల్లర ధరకా అన్నదీ చూడాలి. 2024లో వెలువడిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారుడు ఉల్లికి వెచ్చించే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 36 పైసలే.

ప్రభుత్వ నిల్వలకూ ఈ లెక్కే పునాది. 2024 రబీలో కేంద్రం 4.7 లక్షల టన్నుల ఉల్లిని సేకరించి, సెప్టెంబరు 5 నుంచి కిలో 35 రూపాయలకు చిల్లరగా విక్రయించింది. ఎంత కొనాలి, ఎప్పుడు విడుదల చేయాలి అన్న రెండు నిర్ణయాలూ ధర పెరగకముందే జరగాలి.

తెలంగాణలోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ప్రధాన పంటలకు విత్తుకు ముందు, కోతకు ముందు ధరల అంచనాలను వెలువరిస్తున్నాయి. సాగు విస్తీర్ణం, నిల్వలు, వాతావరణ సమాచారంతో కలిపి చదివినప్పుడే ఆ అంకెలకు పూర్తి అర్థం సిద్ధిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నారు పోయకముందే ఆ అంచనా రైతుకు అందాలి.