జాబితాలో పేరు

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఓటు వెయ్యడం పౌరుడి బాధ్యత అని మనకు గుర్తు చేస్తారు. ఆ మాట నేను కాదనను. కాని ముసల్మాన్ల దగ్గరికి ఆ బాధ్యత ఏ దారిన వచ్చిందో కూడా చూడాలి కదా.

1909లో బ్రిటిష్ వాళ్లు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చారు. ముస్లిం స్థానానికి ముస్లింలే ఓటెయ్యాలి. ఏ ముస్లింలు? ఆస్తి ఉన్నవాళ్లు, పన్ను కట్టేవాళ్లు, చదువుకున్నవాళ్లు. 1935 చట్టం ఓటర్లను పెంచింది గాని ఈ గీత చెరపలేదు. 1946లో లీగ్ ముస్లిం స్థానాల్లో అత్యధికం గెలిచింది ఈ జాబితాలతోనే. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగే దూదేకులాయనకి అందులో చోటెక్కడిది? తెలంగాణ ముస్లింలైతే నిజాం రాజ్యంలో ఉన్నారు. బ్రిటిష్ ఇండియాలో జరిగిన ఆ ఎన్నికలతో వాళ్లకి సంబంధమే లేదు. అయినా "మీరే ఓట్లేసి దేశాన్ని చీల్చారు" అన్న మాట అందరం పడుతూనే ఉన్నాం. వెయ్యని ఓటుకి కూడా మన దగ్గర లెక్క అడుగుతారు!

1949 మేలో రాజ్యాంగ సభ మత మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ కూడా వదిలేసింది. బేగం ఐజాజ్ రసూల్ లాంటి ముస్లిం సభ్యులే వద్దన్నారు. అది సరైందా కాదా అన్న తగవు మన ఇళ్లల్లో ఇంకా తెగలేదు. దక్కింది మాత్రం చిన్నదేం కాదు. 21 ఏళ్లు నిండితే చాలు, నవాబుకీ దూదేకులాయనకీ ఒకటే ఓటు. 1952లో మఖ్దూం మొహియుద్దీన్ హుజూర్‌నగర్ నుంచి హైదరాబాదు శాసనసభకి గెలిచింది ఈ ఉమ్మడి ఓటుతోనే. ఆయన్ని పంపినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు కారు.

ఆ మొదటి ఎన్నికల్లోనే దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లకి, ఎక్కువగా ఉత్తరాదిలో, జాబితాలో చోటు దక్కలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అన్నారే గాని సొంత పేరు చెప్పలేదట. మా నానీ పరదా వెనక నుంచే పేరు చెప్పింది. రాసుకున్నాయన తప్పు రాశాడు. చనిపోయేదాకా ఆ తప్పు పేరుతోనే ఓటేసింది పాపం.

ఇప్పుడైతే అంత తప్పు చాలు, మనిషిని అనుమానించడానికి. ఢిల్లీ, బొంబాయి బస్తీల్లో అదివరకే ఓటర్లైనవాళ్లని పౌరులని రుజువు చేసుకోమన్నారు. ముందే జాబితాలో ఉన్న పేరుకి విలువివ్వాలని 1995లో లాల్ బాబు హుసేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. రెండేళ్లకే, 1997లో, అస్సాంలో ఎంతోమంది పేర్ల పక్కన 'డి' అక్షరం చేరింది. సందేహాస్పద ఓటరని దానర్థం. వాళ్లకి ఓటు ఆగిపోయింది. మరోపక్క గుజరాత్ 2009లో స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి అంటూ బిల్లు ఆమోదించింది. దాని అమలుని 2015లో హైకోర్టు ఆపింది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లోనూ ఓటు లేదు.

కలిసి వేస్తే ఓటు బ్యాంకంటారు. వెయ్యకపోతే దేశం పట్టనివాళ్లంటారు. నేను మాత్రం ఓటేస్తాను, వెయ్యకపోవడం తప్పనే అంటాను. అది ఎవరికో నా దేశభక్తి చూపించుకోవడానికి కాదు. ఆస్తి లేదని ఓటు లేకుండా బతికిన మా తాతల బాకీ అది. కాని నన్ను బాధ్యత అడిగే ప్రభుత్వం ముందు నా పేరు సరిగ్గా రాసుకోవాలి, రాసింది నిలబెట్టాలి.

మా బస్తీలో ఎన్నికలకి ముందు పిల్లలు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "ఖాలా, మీ పేరు ఇదేనా? స్పెల్లింగు చూడండి" అంటారు. ఖాలాకి చదువు రాదు. వాళ్లనే మళ్లీ పైకి చదవమంటుంది.