వణకని చేయి

రాత్రి ఒంటిగంటన్నర. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో తొమ్మిదో అంతస్తు. కిటికీలన్నీ బిగించి, సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కినా గదిలో ఏదో కాలిన వాసన. నవంబరు నెల. అవతల పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కొయ్యలు తగలబడుతున్నాయి, ఇవతల గాలి కదలనంటోంది. ఫోనులో ఆనంద్ విహార్ గాలి కాలుష్యం అంకె 450 దాటింది. నువ్వు దాన్ని చూడటం మానేసి వారమైంది.

హాల్లోంచి చప్పుడు. దగ్గు కాదు. దివాను మీద నాన్న లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, భుజాలు చెవుల దాకా ఎత్తి గాలిని గుంజుతున్నాడు. మనవణ్ణి చూద్దామని మొన్ననే తెనాలి నుంచి వచ్చాడు.

"ఏంటి నాన్నా?"

"ఆయా..." అన్నాడు. మిగతా అక్షరానికి ఊపిరి చాలలేదు.

మీ ఆవిడ అప్పటికే నెబ్యులైజర్ తెచ్చేసింది. ఢిల్లీ చుట్టుపక్కల చిన్నపిల్లలున్న ఇళ్లలో మిక్సీ తర్వాత అంత తరచుగా తిరిగే మోటారు ఇదే. "మామయ్యగారూ, ఇది పెట్టుకోండి," అంటూ మాస్క్ తగిలించింది. పిల్లాడి మాస్క్, ఆకుపచ్చ చేప బొమ్మ. ఒకప్పుడు మూడేళ్లు వరసగా మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేపమందు మింగినవాడి ముఖానికి ఇప్పుడు ప్లాస్టిక్ చేప. ఆ ఉబ్బసం పోయి నలభై ఏళ్లైందని ఆయన ఎప్పుడూ చెబుతుంటాడు. చేపమందు వల్లే పోయిందని కూడా.

ఆస్థాలిన్ గొట్టం మెడ తుంచి మందు పోశావు. అందులో ఉన్నది సాల్బుటమాల్, రెండున్నర మిల్లీగ్రాములు. తెల్లటి పొగ చేప నోట్లోంచి వచ్చింది. ఒకటైంది. రెండోది. మూడోది. మీ వాడికైతే ఒక్క దానికే గుండె పిచ్చుకలా కొట్టుకుంటుంది, చేతులు సన్నగా వణుకుతాయి, ఇల్లంతా గెంతుతాడు. నాన్న చేతులు మాత్రం మోకాళ్ల మీద రాతిలా ఉన్నాయి. ఆయన చేయి వణుకు మీ ఇంట్లో పాత సంగతి. ఈమధ్యే తగ్గిందన్నాడు. అదొక్కటీ నయం అనుకున్నావు.

*

క్యాజువాలిటీలో ట్యూబులైట్ల కింద కూడా పొగమంచు. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇంత లోపలికి వస్తోంది. ఆక్సిజన్ పెట్టారు. రెసిడెంట్ డాక్టరు పాతికేళ్ల అమ్మాయి, స్వెటర్ మీద తెల్లకోటు, కళ్ల కింద నల్లటి చారలు. నాన్న వీపు మీద స్టెతస్కోపు అటూ ఇటూ జరిపింది. ఆమె ముఖం మారింది. పిల్లికూతలు వినిపించాల్సిన చోట ఏమీ వినబడటం లేదు. కూత రావాలన్నా కాస్త గాలి ఆడాలి కదా.

వేలికి క్లిప్పు పెట్టింది. ఆక్సిజన్ 87. ఆమె ఆ అంకెని పట్టించుకోలేదు. దాని కిందున్న దాన్ని చూస్తోంది: నాడి 62. క్లిప్పు తీసి వేరే వేలికి పెట్టింది. 62. తనే మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది.

"ఇంట్లో నెబ్ ఎన్నిసార్లు పెట్టారు?"

"మూడు."

"మూడా?" హిందీలో ఆ మాటని రెండుసార్లు అంది. "అంకుల్‌జీ, చేతులు ముందుకి చాపండి."

నాన్న చాపాడు. వేళ్లు విడదీసి. కదలిక లేదు.

ఊపిరాడక కొట్టుకుంటున్న డెబ్బై ఏళ్ల మనిషి, పైగా ఒంట్లో మూడు మోతాదుల సాల్బుటమాల్. ఆ గుండె 120 కొట్టాలి, ఆ వేళ్లు రావి ఆకుల్లా ఆడాలి. రెండూ లేవంటే, మందు లోపలికి వెళ్లి కూడా ఎక్కడా కూర్చోలేదన్నమాట.

"ఏం మందులు వాడతారు?"

బీపీకి ఏదో, అన్నావు. కొడుకులకి తెలిసేది అంతే. నాన్నే చొక్కా జేబు చూపించాడు. వక్కపొడి డబ్బా. అందులో కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. ఒకటి ఆమ్లోడిపిన్. ఇంకొకటి టామ్సులోసిన్, ప్రోస్టేటుకి. మూడోదాన్ని మందుల షాపువాడు సరిగ్గా పేరు మధ్యలో కత్తిరించాడు. మిగిలింది "...నొలాల్ 40". ఆమె దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి పట్టింది.

"అటెనొలాల్ అయితే ఇరవై అయిదో యాభయ్యో ఉంటుంది. నలభై అంటే ప్రొప్రనొలాల్. ఇది దేనికి, గుండెకా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. కుడిచేయి ఎత్తి, వణికించి చూపించాడు.

తర్వాత తెలిసింది. నెల కిందట ఎవరి పెళ్లిలోనో కాఫీ చొక్కా మీద ఒలికింది. వియ్యాలవారి ముందు. ఊళ్లో ఎవరికో చూపించుకుంటే ఈ బిళ్ల రాశారు. వణుకుకి మంచి మందే. ఉబ్బసం ఉండేదా అని వాళ్లు అడగలేదు, ఎప్పుడో పోయింది కదాని ఈయన చెప్పలేదు. తెనాలి గాలిలో నెల గడిచిపోయింది.

*

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథుల నుంచి వచ్చే అడ్రినలిన్ ఒక్కటే. అది చేసే పనులు మాత్రం ఒకదానికొకటి పొసగవు. రక్తనాళాల్ని బిగిస్తుంది, ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తుంది, గుండెని తరుముతుంది. ఒకే మందు ఒకచోట బిగించి ఇంకోచోట సడలించడం ఏమిటని చాలాకాలం తల బద్దలుకొట్టుకున్నారు. తేడా మందులో కాదు, దాన్ని అందుకునే చోట్లలో ఉందని 1948లో రేమండ్ ఆల్క్విస్ట్ అనే అమెరికన్ చెప్పాడు. ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. మొదట పంపిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. దాన్ని నమ్మినవాళ్లలో స్కాట్లండ్ మనిషి జేమ్స్ బ్లాక్ ఒకడు. గుండెనొప్పి రోగుల గుండెకి పని తగ్గించాలంటే బీటాని మూసేస్తే సరిపోతుంది కదా అనుకుని 1960లలో ప్రొప్రనొలాల్ తయారుచేశాడు. 1988లో నోబెల్ వచ్చింది. బీటాలోనూ రెండు రకాలున్నాయని, గుండెలో ఎక్కువగా బీటా-1, ఊపిరి గొట్టాల్లో బీటా-2 అని 1967లో తేలింది. ఆ రెండోదాన్ని గురిచూసి కొట్టే సాల్బుటమాల్‌ని ఇంగ్లండులో డేవిడ్ జాక్ బృందం ఆ వెంటనే బయటికి తెచ్చింది.

ప్రొప్రనొలాల్‌కి ఈ తేడా పట్టదు, రెండింటినీ మూస్తుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి విసిరిన తుండుగుడ్డ అనుకో. తను కూర్చోదు, వేరేవాళ్లని కూర్చోనివ్వదు. అసలు చమత్కారం ఏమిటంటే, చేతి కండరాల్లో ఉన్నదీ బీటా-2నే. అక్కడ గుడ్డ వేస్తే వణుకు ఆగుతుంది. గొట్టాల చుట్టూ ఉన్న కండరంలోనూ అదే గుడ్డ పడుతుంది. చేతిని నిలబెట్టిన బిళ్లే ఊపిరిని ఆపింది.

నర్సు ట్రాలీ మీద అడ్రినలిన్ ఆంప్యూల్ ఉంది. "అది ఇవ్వచ్చు కదండీ?" అని అడిగావు. డాక్టరమ్మ ఆగి నీ వైపు చూసింది. బీటా తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఇప్పుడది ఇస్తే ఆల్ఫా వైపే పరిగెడుతుంది, బీపీ ఆకాశానికి వెళ్తుంది అంది. పక్క మంచం దగ్గర సిరంజి పంపు టిక్కు టిక్కుమంటూ ఎవరికో నార్‌అడ్రినలిన్ ఎక్కిస్తోంది. పడిపోయిన బీపీని పట్టి ఉంచడానికి. అక్కడ ప్రాణం నిలబెడుతున్న పనే ఇక్కడ ముప్పు.

ముందు తలుపు మూసేశారు కాబట్టి పెరటి దారులు. ఇప్రాట్రోపియం నెబ్ పెట్టారు. దానికి బీటాతో పనిలేదు, గొట్టాల్ని బిగించమని వేగస్ నరం పంపే కబురుని మధ్యలో ఆపుతుంది. సెలైన్‌లో మెగ్నీషియం, రెండు గ్రాములు, ఇరవై నిమిషాలు. అది కండరంలోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుపడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్, దాని ఫలితం కనిపించడానికి గంటలు పడుతుంది. సాల్బుటమాల్‌ని మాత్రం ఆపలేదు, ఇంకా పెంచింది. బస్సులో జనం ఎక్కువైతే తుండుగుడ్డ పక్కకి జరగక తప్పదు. పైగా ఆ బిళ్ల తిని అయిదు గంటలు దాటింది, దాని పట్టు సడలే వేళ.

నువ్వు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని 62ని చూస్తున్నావు. అది పెరగాలని మొక్కుకుంటున్నావు.

మూడున్నరకి 74. నాలుగింటికి నాన్న ఛాతీలోంచి సన్నగా, తర్వాత గట్టిగా పిల్లికూతలు మొదలయ్యాయి. నువ్వు కంగారుగా లేచావు. డాక్టరమ్మ ఆ రాత్రి మొదటిసారి నవ్వింది. "గాలి ఆడుతోంది," అంది.

*

ఏడింటికి వెలుతురు వచ్చింది కానీ సూర్యుడు రాలేదు. బూడిదరంగు గాజు వెనక బల్బులా ఏదో ఉంది. ఆక్సిజన్ 95. నాడి 108.

ఆమె డ్యూటీ దిగే ముందు కాగితం రాస్తోంది. ప్రొప్రనొలాల్ పేరు రాసి, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, బీటా బ్లాకర్లు వద్దు అని పెద్దక్షరాల్లో పెట్టింది. కంటి చుక్కల్లోనూ టిమొలాల్ అని ఒకటుంటుంది, గ్లాకోమాకి వేస్తారు, అదీ వద్దు అని నోటితో చెప్పింది. ఊపిరి పరీక్షకి నార్త్ క్యాంపస్‌లో వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లమంది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ ప్రారంభించిన సంస్థ, ఢిల్లీ ఊపిరితిత్తుల పాత చిరునామా.

వార్డు బాయ్ కాగితపు కప్పులో అల్లం చాయ్ తెచ్చాడు. నాన్న మాస్క్ కిందికి లాగి కప్పు అందుకున్నాడు. చేయి వణికింది. కప్పు అంచు దాటి చాయ్ దుప్పటి మీద రెండు చోట్ల ఒలికింది. డాక్టరమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడింది, మంచి స్కోరు బోర్డు చూసినట్టు.

నాన్న సిగ్గుపడిపోయాడు. ఎడమచేత్తో కుడిచేయి పట్టుకుని, నీ వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఒరేయ్, మళ్లీ మొదలైంది చూడు. ఆ వక్కపొడి డబ్బా ఏదిరా?"