తల్లిదండ్రుల పోషణ – సంతానమందరి బాధ్యత

వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ భారం ఇంటివద్దనున్న ఒక్కరిపైనే పడరాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ప్రకారం అది వయోజనులైన కుమారులు, కుమార్తెలందరి బాధ్యత. మెదక్ జిల్లా నిజాంపేట వాసులు ఈ దిగువ అవకాశాలను వినియోగించుకోవచ్చును.

• సొంత ఆదాయంతో జీవించలేని తల్లిదండ్రులు తమ డివిజన్ పరిధిలోని పోషణ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చును. అశక్తుల తరఫున వారు అధికారమిచ్చిన వ్యక్తి దాఖలు చేయవచ్చును.

• దరఖాస్తు ఒక్కరిపైనే దాఖలైనప్పటికీ, బాధ్యతగల తోబుట్టువులను కూడా ప్రతివాదులుగా చేర్చవలసిందిగా ఆ వ్యక్తి కోరవచ్చును.

• నోటీసు అందిన 90 రోజులలోగా దరఖాస్తును పరిష్కరించవలెను. ప్రత్యేక పరిస్థితులలో మరో 30 రోజుల గడువు కలదు.

• సంరక్షణ షరతుతో ఆస్తి రాయించుకొని నిరాదరించినచో, ఆ దస్తావేజును రద్దు చేయవలసిందిగా ట్రిబ్యునల్‌ను కోరవచ్చును.

సలహాలకు వయోవృద్ధుల ఉచిత సహాయవాణి 14567ను సంప్రదించవచ్చును.