మా అనంతగిరి కాఫీ, దాని నీడ

విశాఖ నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేవాళ్ళు అనంతగిరిలో కాఫీ తోటల దగ్గర బండి ఆపి ఎర్రటి పండ్లు చూస్తారు. మేం మాత్రం తోటలో అడుగు పెట్టగానే తలెత్తి పైకి చూస్తాం. పైన కొమ్మలు ఎంత గుబురుగా ఉన్నాయో చూస్తే, కింద ఉన్న మొక్క వచ్చే వేసవి గట్టెక్కుతుందో లేదో తెలిసిపోతుంది. మా ఊరి కాఫీ చరిత్రంతా ఆ నీడ చుట్టూ నడిచినదే.

మన్యంలో కాఫీ మొదట పడింది 1898లో, గోదావరి వైపు పాములేరు లోయలో. మా కొండల్లో పెద్ద ఎత్తున వేసింది అటవీ శాఖ, 1960 నుంచి, రిజర్వు అడవుల్లో. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళాయి. గిరిజనుల సొంత తోటలు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు సాయంతో లేచాయి. అంతకు ముందు ఈ వాలుల్లో పోడు చేసేవారు. చెట్టు కొట్టి, కాల్చి, కొన్నేళ్ళు చోళ్ళు, సామలు పండించి, నేల సారం తగ్గాక పక్క కొండకు మారేవారు. అలా బోడిగా మిగిలిన కొండ మీద కాఫీ పెట్టాలంటే ముందు నీడ పెంచాలి. సిల్వర్ ఓక్ అందుకే వచ్చింది. తొందరగా, నిటారుగా ఎదుగుతుంది, మిరియాల తీగ పాకడానికి ఆసరా అవుతుంది, కలపకు ధర ఉంది.

అరబికా పుట్టింది ఇథియోపియా ఎత్తు కొండల అడవుల్లో, పెద్ద చెట్ల కింద. మండే ఎండ దానికి పడదు. వేడి 30 డిగ్రీలు దాటి, గాలి పొడిగా మారితే ఆకు అడుగున ఉండే సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి. నీరు మిగులుతుంది గానీ, ఆకు ఆహారం చేసుకోవడం తగ్గిపోతుంది. అప్పుడు కాపు బరువు మీద ఉన్న చెట్టు రెమ్మ చివరల నుంచి ఎండుకొస్తుంది.

అలాగని పొడి కాలం అసలు వద్దనుకోవడానికీ లేదు. మొగ్గ ముదరాలంటే చలికాలం చివర కొంత పొడి వాతావరణం కావాలి. ఆ తర్వాత మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి వాన పడితే వారం పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. ఆ వాసనకు మల్లెలు గుర్తొస్తాయి. వాన ఆలస్యమై ఎండ ముదిరితే మాత్రం పువ్వు సరిగా విచ్చుకోక, ఆకుపచ్చని చిన్న చుక్కలా బిగుసుకుపోతుంది. దానికి కాయ పట్టదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. తీరంలో జరిగిన నష్టం లోకమంతా చూసింది. మా కొండల్లో సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా విరిగి కాఫీ మీదే కూలాయి. మానులు పడి నలిగిన మొక్కలు కొన్నయితే, నిలిచినవాటికి నెత్తిన నీడ పోయింది. తర్వాతి వేసవుల్లో ఎండ నేరుగా తగిలింది. ఎండ పడే కాండం మీదే తెల్ల కాండం తొలిచే పురుగు ఎక్కువగా గుడ్లు పెడుతుంది. అలా గాలివాన తప్పించుకున్న మొక్కకు పురుగు గండం వచ్చింది.

ఒకే జాతి చెట్టును నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఆ తుపాను చూపించింది. సిల్వర్ ఓక్ నాకు శత్రువేమీ కాదు. పోడు కొండకు మొదటి పచ్చదనం ఇచ్చింది అదే. కానీ దాని పక్కన పనస, మామిడి, అడవిలో సహజంగా మొలిచిన చెట్లు కలిసి ఉండాలి. రకరకాల ఆకులు రాలి నేలను కప్పితే తేమ ఆరదు.

నీడను, తేమను కాపాడే పనుల్లో పెద్దవాళ్ళ పద్ధతులు ఇప్పటికీ పక్కాగా ఉన్నాయి. తొలకరిలో గోతుల్లో నారు పెడతారు. మొదటి వేసవికి ఒక్కో మొక్క చుట్టూ తుప్ప కొమ్మలు గుచ్చి గుడిసెలా నీడ కడతారు. వాలుకు అడ్డంగా గుంతలు తీసి వాన నీటిని అక్కడే ఇంకిస్తారు. వానలు వెనకపట్టాక పైమట్టిని కొద్దిగా కదిపి, ఆకు చెత్త కప్పుతారు. నీడ కొమ్మలు నరికేది వానలు కుదురుకున్నాకే. మే నెలలో కత్తి పట్టారంటే ఆ ఏటి కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాఫీ రకం ఎంపిక కూడా ముఖ్యం. ఇథియోపియా రకం తఫారికెలాను తిమోర్ సంకరంతో కలిపి పుట్టించిన సెలక్షన్ 9 కరవుకు బాగా ఓర్చుకుంటుందని పేరు. పొట్టిగా పెరిగే కావేరి కాపు బాగా ఇస్తుంది గానీ, దానికి పోషణ, నీడ రెండూ సరిగ్గా అందాలి.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దూరదేశాలకు పోయింది. ఆ గుర్తింపు గింజకే ఆగిపోకుండా, దానికి నీడనిచ్చే చెట్లకూ దక్కాలని నా కోరిక. తాటిపూడి జలాశయం నింపి విశాఖకు తాగునీరిచ్చే గోస్తనీ నది పుట్టేది ఈ కొండల్లోనే. మా తోటల్లో ఇంకిన వాన దాని గెడ్డల్లోకే చేరుతుంది. అందుకే, కాఫీ నారు పంచే ప్రతి నర్సరీలో పనస, మామిడి, అడవి చెట్ల మొక్కలూ ఉచితంగా ఇవ్వాలి. నాటిన నీడ చెట్టు బతికితే, కాపు మొదలయ్యేదాకా దాన్ని సాకినందుకు రైతుకు ఏటేటా కొంత సొమ్ము ముట్టాలి.