మోకాట్లో దొరకని ఎలుక

నడుస్తూ నడుస్తూ ఉండగా మోకాలు ఉన్నట్టుండి పట్టేస్తుంది. ముడవలేం, చాపలేం. కాసేపు అటూ ఇటూ కదిలిస్తే లోపల ఏదో జారినట్టయి కాలు మళ్ళీ మామూలైపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. ఒక్కోసారి మాత్రం చిప్ప పక్కన చర్మం కింద గట్టి గింజలాంటిది వేలికి తగులుతుంది, నొక్కగానే తప్పించుకుంటుంది. జర్మన్ వైద్యులు దానికి ‘కీలు ఎలుక’ అని పేరు పెట్టింది అందుకే. కీలు లోపల విడిగా తిరిగే మృదులాస్థి ముక్క అది, కొన్నిసార్లు ఎముకతో కలిసి ఉంటుంది.

1558లో ఫ్రెంచి సర్జన్ అంబ్రోయిజ్ పారే ఒక దర్జీ మోకాట్లో చేరిన నీటిని తీయడానికి కోత పెట్టాడు. లోపల బాదంపప్పంత రాయి దొరికింది. తెల్లగా, గట్టిగా, నున్నగా ఉందని రాసుకున్నాడు. రోగి బతికాడు. ఆ రాయి అక్కడికెలా వచ్చిందో తేలడానికి చాలా కాలం పట్టింది. 1726లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ మన్రో ఉరితీసిన ఒక స్త్రీ దేహాన్ని కోసి చూస్తుంటే మోకాట్లో అలాంటి ముక్కే కనిపించింది. ఆయన అంతటితో ఆగలేదు. ఎముక చివరి నున్నటి పొరలో ఒక గుంటను గమనించాడు. ముక్కకూ గుంటకూ పొంతన కుదిరింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చూపే. బయటి నుంచి ఏదీ రాలేదు, కీలే తనలోంచి ఒక పెచ్చును వదులుకుంది.

కారణం తెలిసినా బయటికి తీయడం ప్రాణాలమీదికి వచ్చే పని. కీలు తెరిస్తే చీము పట్టేది. తర్వాత కాలు తీసేయాలి, లేదా మనిషే పోతాడు. అందుకే 19వ శతాబ్దపు సర్జన్లు ఒక ఉపాయం పన్నారు. ముక్కను వేళ్ళతో తరిమి ఒక మూలకు చేర్చి కదలకుండా పట్టుకునేవారు. పైచర్మాన్ని పక్కకు లాగి ఆ తర్వాతే కోసేవారు. చర్మాన్ని వదిలేయగానే పైగాటు ఒకచోట, లోగాటు మరోచోట పడి, గాలి నేరుగా కీల్లోకి పోయే దారి మూసుకుపోయేది. కొందరు ముక్కను ముందు కీలు బయటి కండలోకి నెట్టి, లోగాటు మానాక రెండోసారి కోసి తీసేవారు. 1846కు ముందు ఈథర్ మత్తు కూడా లేదు. పట్టు జారితే ఎలుక మళ్ళీ లోపలికే. మెలకువగా ఉండి ఇదంతా భరించిన ఆ రోగుల ధైర్యం తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

బ్రిటిష్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కడగడం మొదలుపెట్టాక చీము పడుతుందన్న భయం సడలింది. 1877లో లండన్‌లో ఆయనే ఒక విరిగిన మోకాలి చిప్పను తెరిచి తీగతో కుట్టాడు. మరో పదేళ్ళకు జర్మన్ సర్జన్ ఫ్రాంజ్ కోనిగ్, పెద్ద దెబ్బేమీ తగలకుండానే విడిపోయే ముక్కలను పరిశీలించి ఆ జబ్బుకు ‘ఆస్టియోకాండ్రైటిస్ డిసెకన్స్’ అని పేరు పెట్టాడు. ఆ పేరు సూచించే, ఆయన ఊహించిన వాపు తర్వాతి వారికి కనిపించలేదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

1895లో ఎక్స్‌రే వచ్చినా ఎలుక పూర్తిగా దొరకలేదు. ఎముక ఉన్న ముక్క ఫిల్ము మీద పడుతుంది, వట్టి మృదులాస్థి పడదు. కొందరికి మోకాలి వెనక సహజంగానే ఉండే చిన్న ఎముకను చూసి ఇదేనని పొరబడడమూ ఉంది. పైగా విడిపోయిన ముక్క ఊరికే ఉండదు. కీలులోని జిగురు ద్రవమే మృదులాస్థికి ఆహారం కాబట్టి, రక్తం అందకపోయినా పొర మీద పొర వేసుకుని పెరుగుతుంది.

ఈ ఎలుకను కంటితో వెతికే దారి జపాన్‌లో దొరికింది. నేల మీద కూర్చునే ఆ సమాజంలో బిగుసుకుపోయిన మోకాలంటే మనకు తెలిసిన కష్టమే. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయాన్ని చూసే గొట్టంతో శవం మోకాట్లోకి తొంగిచూశాడు. ఆయన శిష్యుడు మసాకి వతనబే 1950ల చివర్లో కీలు లోపలికి చూసే గొట్టం, అంటే ఆర్థ్రోస్కోపు, తన 21వ నమూనాను వాడుకలోకి తెచ్చాడు.

ఇప్పుడు రెండు మూడు చిన్న గాట్లు చాలు. అయినా చూపు కోసం కీలులోకి ఎక్కించే ద్రవం పోటుకు ముక్క వెనక మూలల్లోకి కొట్టుకుపోతూనే ఉంటుంది, సర్జన్ బయటి నుంచి చేత్తో నొక్కి దాన్ని ముందుకు రప్పిస్తాడు. తీసిన ప్రతి ముక్కనూ పారేయరు. పిల్లల్లో, కుర్రవాళ్ళలో కొత్తగా ఊడిన పెచ్చు ఆరోగ్యంగా ఉంటే, మన్రో చూసినటువంటి గుంటలోనే తిరిగి కూర్చోబెట్టి మేకు బిగిస్తారు.